దండపాణి వెలకట్టిన రాయి

చందనగిరి రాజు మాధవభూపతికి ఉన్నట్టుండి పచ్చరాతి గిన్నెలో మజ్జిగ తాగాలని బుద్ధి పుట్టింది. చీనా నుంచి వచ్చిన రాయబారి ఒకడు తమ చక్రవర్తి అలాంటి గిన్నెలోనే తాగుతాడని చెప్పి వెళ్ళాడు. అంతే, ఆ రోజు నుంచి రాజుగారికి వెండి గిన్నెలో మజ్జిగ సయించడం మానేసింది.

"పచ్చరాయి తెచ్చినవాడికి అడిగింది ఇస్తాను. గులకరాయి తెచ్చి మోసం చేసినవాడి ఓడ లాక్కుంటాను!" అని రేవులో దండోరా వేయించాడు.

నెల తిరక్కుండానే పేరయ్య అనే ముసలి ఓడవర్తకుడు పెగూ దేశం నుంచి ఒక రాయి తెచ్చాడు. గుమ్మడికాయంత ఉంది. పైనంతా గరుకు తొక్క, మట్టిరంగు. పొద్దుటినుంచీ ఎండలో వాకిట్లో ఉంచి, పిలుపు రాగానే నలుగురితో మోయించి కొలువులో దింపాడు.

"లోపలంతా పచ్చదనమే ప్రభూ. కోసేదాకా పైకి ఇలాగే కనిపిస్తుంది" అన్నాడు చేతులు కట్టుకుని.

రాజు తన రత్నపరీక్షకుడు దండపాణి వైపు చూశాడు. దండపాణి దిండు మీంచి కదల్లేదు. ఆయన ఏ రాయినీ ముట్టుకోడు. "తడిమి చూడటం కూలివాళ్ళ పని. నా చూపు ఇక్కణ్ణించే రాయి లోపలిదాకా పోతుంది" అంటాడు. పైగా ఈ పేరయ్య ఊళ్ళోకి వచ్చి రెండు రోజులైనా తన గుమ్మం తొక్కలేదు, కానుక ఇవ్వలేదు.

"గులకరాయి" అన్నాడు ఆవులిస్తూ.

"ఓడ లాక్కోండి!" అన్నాడు రాజు.

పేరయ్య కూలబడిపోయాడు. "ఆ ఓడ తప్ప నాకు ఇల్లూ వాకిలీ లేవు ప్రభూ!"

రాజు పక్కన కొమ్మసాని నిలబడి ఉంది. ఆయనకు తాంబూలం చుట్టి ఇచ్చే అడపకత్తె ఆమె. ముసలాయన మొహం చూడలేక, వక్క జారిపడ్డట్టు నటించి రాయి దగ్గర వంగింది. అరచెయ్యి ఆనించింది. ఇంతసేపు ఎండలో ఉన్న రాయి కుండలో నీళ్ళలా చల్లగా తగిలింది. అడకత్తెర మొనతో గట్టిగా గీసింది. మొన జారిపోయిందే కానీ గీత పడలేదు.

'ఇది గులకరాయి కాదు' అనుకుంది. కానీ తాంబూలం చుట్టే మనిషి మాట ఎవరు వింటారు?

"ప్రభూ, ఓడ ఎక్కడికీ పారిపోదు కదా" అంది. "లోపల మహారాణిగారు స్వయంగా ఎంచి తెప్పించుకున్నది ఒకటి ఉంది. దాన్ని కూడా అయ్యగారు చూసి వెల చెబితే బాగుంటుంది."

రాజు సరేనన్నాడు. కాసేపట్లో కొమ్మసాని వెండి పళ్ళెంలో పట్టుగుడ్డ పరిచి, దాని మీద మట్టితొక్కతో ఉన్న పెద్ద ముద్దను మోసుకొచ్చింది. దండపాణికి పది అడుగుల దూరంలో ఆగింది.

మహారాణి పేరు విన్నప్పటినుంచీ దండపాణి నిటారుగా కూర్చునే ఉన్నాడు. "ఎక్కడ దొరికింది?"

"నేలలోంచి తవ్వి తీశారండీ."

"తొక్క మందమా?"

"కాస్త మందమేనండీ. లోపల రంగు వేరు."

"నాకు కనిపిస్తూనే ఉంది! చిలకపచ్చ! మచ్చ లేదు, పగులు లేదు. మహారాణిగారి చూపే చూపు! ప్రభూ, దీని వెల ఏడు ఏనుగులు. ఎనిమిదోది ఇచ్చినా తప్పు లేదు."

"సాన పట్టేవాణ్ణి పిలవనా?" అన్నాడు రాజు ఆత్రంగా.

"అక్కర్లేదు ప్రభూ, వంటవాడు చాలు" అంటూ కొమ్మసాని పళ్ళెం కింద పెట్టి, నడుముకున్న ఆకుల కత్తి తీసి ఒక్క వేటు వేసింది. ముద్ద రెండు చెక్కలై పళ్ళెంలో దొర్లింది.

కంద!



"మధ్యాహ్నం పులుసులోకని మహారాణిగారే ఏరి తెప్పించారు ప్రభూ" అంది కొమ్మసాని. "అయ్యగారు రాయి లోపలికి చూడరు."

"మరి దేన్ని చూస్తారు?" అన్నాడు రాజు.

"తెచ్చిన వాళ్ళ మొహం చూస్తారు!"

కొలువంతా గొల్లుమంది. రాజు నవ్వు ఆపుకుంటూ పేరయ్య రాయిని సానకి పట్టించాడు. ఒక మూల అరగగానే, తడిసిన తమలపాకులా లోపలి పచ్చదనం బయటపడింది. పేరయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"పెద్దాయనా, నీ ఓడ నీదే. ఈ రాయికి ఏం కావాలో అడుగు" అన్నాడు రాజు. "కొమ్మసానీ, ఇందులో మొదట తెగిన ముక్కతో నీకు గాజులు. ఇక మీదట మా ఇంటికి ఏ రాయి వచ్చినా ముందు నువ్వు చెయ్యి పెట్టి చూడాలి."

"నాకు సెలవా ప్రభూ?" అని దండపాణి మెల్లగా లేచాడు.

"అప్పుడేనా?" అన్నాడు రాజు కడుపు పట్టుకుని నవ్వుతూ. "భోజనం చేసి వెళ్ళండి. ఏడు ఏనుగుల పులుసు మేమొక్కరమే ఎలా తినగలం!"