మూడు తాంబూలాల అద్దం

కొండల మీద, సముద్రానికి వారం రోజుల దూరాన, ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ఉద్దండవర్మకు తాంబూలాలివ్వడమంటే మహా సరదా. ఆ దేశంలో రాజు చేతి తాంబూలం పుచ్చుకుంటే పని ఒప్పుకున్నట్టే, ఇక కాదనడానికి లేదు. అందుకని చీపురుకట్ట తెప్పించాలన్నా సరే, బూరాలు ఊదించి, వెండి పళ్ళెంలో ఆకువక్క పెట్టి మరీ ఇచ్చేవాడు.

ఒకసారి రేవుపట్నం నుంచి పెద్ద గాజు అద్దం తెప్పించుకోవాలని రాజుకు బుద్ధి పుట్టింది. ఏటి మీద పడవ, మైదానంలో ఎడ్లబండి, కనుమ దారిలో కంచరగాడిదలు. వాటిని నడిపే ముగ్గురినీ పిలిపించి మూడు తాంబూలాలిచ్చాడు. మూడుసార్లు బూరాలు ఊదారు.

"చూశావా నా తెలివి!" అన్నాడు ఆస్థాన విదూషకుడు విస్సన్నతో. "అద్దాన్ని రేవులోనే పెట్టెలో పెట్టి లక్క ముద్ర వేయిస్తాను. మోసేవాళ్ళు మారతారు గాని పెట్టె మారదు. ఇంక దానికేమవుతుంది?"

విస్సన్న ఏదో చెప్పబోయాడు గాని, బూరాల మోతలో తన మాట తనకే వినపడలేదు. ఊరుకున్నాడు.

కొన్నాళ్ళకు పెట్టె వచ్చింది. కోట గుమ్మం తొక్కగానే మళ్ళీ బూరాలు ఊదారు. సభలో అందరి ముందూ ముద్ర చితక్కొట్టి మూత తీస్తే లోపల ముప్ఫై ముక్కలు. రాజుకు తన ముఖం ముప్ఫై చోట్ల, ముప్ఫై కోపాలతో కనిపించింది.

"నేను బండికెక్కించినప్పుడు నిక్షేపంలా ఉంది," అన్నాడు పడవవాడు.

"నేను గాడిద మీదికెత్తినప్పుడు చెక్కుచెదరలేదు," అన్నాడు బండివాడు.

గాడిదలు తోలే గంగులుకు ఆ మాట అప్పగించడానికి ఎవరూ మిగల్లేదు.

"ఎవరి చేతిలో బయటపడితే తప్పు వాడిదే!" అన్నాడు రాజు. "వీడి గాడిదల్ని కోటలో కట్టెయ్యండి. మూడో నాటి సాయంత్రం వీణ్ణి పొలిమేర దాటించండి."

గంగులు విస్సన్న కాళ్ళ మీద పడ్డాడు. "ముద్రేసిన పెట్టె బాబూ! లోపలేం జరిగిందో నాకెట్టా తెలుస్తది? ఆ నాలుగు గాడిదలూ పోతే నా పిల్లలేం తింటారు?"

విస్సన్న అతణ్ణి లేవనెత్తాడు. ఆనాడే గట్టిగా చెప్పనందుకు తన మీద తనకే కోపమొచ్చింది. తిన్నగా వంటింటికి నడిచాడు.

మర్నాడు రాజు భోజనానికి కూర్చున్నాడు. ఆయనకు ఉలవచారు పొగలు కక్కుతూ ఉండాలి. వెండి గిన్నె వచ్చింది, దాని మూతకు లక్క ముద్ర కూడా ఉంది. రాజు ముచ్చటపడి స్వయంగా మూత తీశాడు. చారు చల్లగా ఉంది, మీద వెన్న పేరుకుపోయింది.

"ఎవడ్రా ఇది చల్లార్చింది?"

"నేను వంటింటి గడప దగ్గర పెట్టినప్పుడు కుతకుతలాడుతోంది ప్రభూ," అంది వంటమనిషి అచ్చమ్మ.

"నేను భోజనశాల గుమ్మం దగ్గర దించినప్పుడు వేడిగానే ఉంది," అన్నాడు నడవా దాటించినవాడు.

వడ్డించేవాడు నోరు తెరవబోతుంటే విస్సన్న అడ్డొచ్చాడు. "వీళ్ళ తప్పేం లేదు ప్రభూ. ముగ్గురికీ నేనే మూడు తాంబూలాలిచ్చాను. ఎవరి గడప దాకా వాళ్ళు మోశారు, దించారు, వెళ్ళిపోయారు. మధ్యలో గిన్నె ఎంతసేపు నేల మీదుందో ఎవరికీ పట్టలేదు. గిన్నె మారలేదు, ముద్రా చెదరలేదు. ఇక దోషి ఎవరంటారా, ఎవరి చేతిలో బయటపడితే వాడిదే తప్పని తమరే తీర్పిచ్చారు."

రాజు చేతిలో మూత ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు.

"అయితే ఏం చెయ్యాలంటావు?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"రేపు ఒక్క తాంబూలమే ఇవ్వండి, అచ్చమ్మకు. పొయ్యి దగ్గర్నుంచి తమ విస్తరి దాకా పూచీ అంతా ఆవిడదే."

మర్నాడూ అవే చేతులు, అదే గిన్నె. కానీ అచ్చమ్మ నడవావాణ్ణి గడప దగ్గరా, వడ్డించేవాణ్ణి గుమ్మం దగ్గరా ముందే నిలబెట్టింది. "చల్లారిందో, నా పరువు పోతుంది, మీ వీపులు పగులుతాయి!" అంటూ అట్లకాడ పట్టుకుని వెంటే వచ్చింది. రాజు మొదటి గుటకకే నాలుక కాలి ఎగిరిపడ్డాడు.

ఆ కాలిన నాలుకతోనే పకపకా నవ్వాడు. "ఒకే పెట్టె అని మురిసిపోయాను గాని, ఒకే పూచీ లేదని చూసుకోలేదయ్యా!"

గంగులునూ గాడిదల్నీ వదిలెయ్యమన్నాడు. సభకు వచ్చి విస్సన్నకు శాలువా కప్పి, పళ్ళెం ముందుకు చాచాడు. "రెండో అద్దం రేవు నుంచి నా గది దాకా నీ పూచీ. ఇదిగో తాంబూలం!"

విస్సన్న రెండు చేతులూ గభాలున వెనక్కి పెట్టుకున్నాడు. "శాలువా పుచ్చుకుంటాను ప్రభూ. నాకు తెలిసింది వంటింటి దారొక్కటే. తాంబూలం గంగులుకివ్వండి, పడవనీ బండినీ వాడే కుదుర్చుకుంటాడు."

కబురందుకుని సభకు వచ్చిన గంగులు ముందుకొచ్చాడు. పళ్ళెం వంక చూశాడు, బూరాల వంక చూశాడు.

"పుచ్చుకుంటాను దొరా. దారంతా నా పూచీయే గనక ఒక మాట చెప్పాలి. పెట్టె వచ్చినప్పుడు ఆ బూరాలు మటుకు ఊదించకండి. పోయినసారి కోట గుమ్మం కాడ ఆ మోతకే నా గాడిద బెదిరి ఎగిరింది. మొన్న చెప్పడానికి భయమేసింది."

రాజు ముందు బిక్కమొహం వేశాడు. తర్వాత సింహాసనం ఊగేలా నవ్వి, బూరాలవాళ్ళకు నెల రోజులు సెలవిచ్చాడు.