ఈతవనం బడికి నూటికి నూరు

ఈతవనం ప్రాథమిక బడికి గది ఒకటి, తరగతులు అయిదు, పిల్లలు ఇరవై ఎనిమిది మంది. వాళ్లందరికీ పాఠం చెప్పేది ఒక్క ఎద్దు, బొల్లయ్య మాస్టారు. ఒకటో తరగతిని ఇసుకలో అక్షరాలు దిద్దమని, మూడో తరగతి చేత ఎక్కాలు చెప్పిస్తుంటే, వెనక రెండో తరగతి కుందేళ్లు పలకలతో కొట్టుకుంటుండేవి. హెడ్మాస్టరు జంబయ్య నక్క పాఠాలు చెప్పడు. కుర్చీలో కూర్చుని రిజిస్టర్లు చూసుకుంటాడు. అదేమీ తేలికపని కాదని నలుగురిలో ఆయనే చెబుతుంటాడు.

పిల్లల్లో పదహారు మంది గడగడా చదివేవారు. తక్కిన పన్నెండు మంది ఒత్తు కనబడితే చాలు ఆగిపోయేవారు. తీసివేతలో పై అంకె చిన్నదైతే తలకిందులుగా తీసేసేవారు. తాబేలు పిల్ల, ముళ్లపంది పిల్లలిద్దరూ ఆ జట్టే. జంబయ్య కొడుకూ ఆ జట్టే. మొద్దులేం కాదు పాపం, పక్కన కూర్చుని చదివించుకునేవాళ్లు కావాలి, అంతే. బొల్లయ్యకు ఆ తీరిక ఎక్కడిది? ఇంకొక మాస్టారు వస్తే సరే సరి, లేకపోతే వీళ్లు చదవడం రాకుండానే అయిదో తరగతి దాటేస్తారని ఆయనకు ఒకటే దిగులు.

ఎండలు ముదరకముందు విద్యాశాఖ నుంచి రెండు పేజీల ఉత్తర్వు వచ్చింది. అడవిలోని అన్ని బళ్లకూ ఒకే ప్రశ్నలతో చదువులోనూ లెక్కల్లోనూ పరీక్ష. జంబయ్య మొదటి పేజీలో తేదీ చూసుకుని, కాగితం పెట్టెలో వేసి తాళం పెట్టాడు. రెండో పేజీ తిప్పలేదు. హెడ్మాస్టరుకు వచ్చిన కాగితం మాస్టర్లు చూడటం ఆ బడిలో ఆనవాయితీ కాదు.

సాయంత్రం బొల్లయ్యను పిలిచి, పరీక్షనాడు ఆ పన్నెండు మందినీ బడికి రావద్దని చెప్పమన్నాడు.

"వాళ్ల కోసమే కదండీ పరీక్ష. ఎక్కడ ఆగిపోతున్నారో పైవాళ్లకూ తెలియాలిగా" అన్నాడు బొల్లయ్య.

"మన పుండు ఊరందరికీ విప్పి చూపించుకుంటామా మాస్టారూ?"

"ఊరికి అక్కర్లేదండి. వైద్యుడికి చూపించాలి."

జంబయ్య నవ్వేసి, తానే ఇల్లిల్లూ తిరిగి పన్నెండు మందినీ ఇంట్లో ఉంచమని చెప్పొచ్చాడు. పన్నెండో ఇల్లు తనదే. ఆయన భార్య పొదలమ్మ, పిల్లాణ్ని ఎందుకు దాచడమని అడిగింది. బడి పరువు సంగతి ఆడవాళ్లకు అర్థం కాదన్నాడు. 

పరీక్ష పెట్టడానికి ధవళమ్మ అనే కొంగ వచ్చింది. మాట నెమ్మది, చూపు సూటి. రిజిస్టరు తిరగేసి, బెంచీల వైపు చూసి, పన్నెండు మంది ఏమయ్యారని అడిగింది. బొల్లయ్య గొంతు సవరించుకునేలోపే జంబయ్య ఆయన్ని మంచినీళ్లకు పంపించేశాడు.

"పెళ్లికెళ్లారండి. అసలు మా బడిలో గట్టివాళ్లు వాళ్లే. వీళ్లు వాళ్లలో సగం" అన్నాడు.

"ఆ మాటే రాసుకోమంటారా?"

"నిశ్చింతగా రాసుకోండి."

ఆవిడ రాసుకుంది. పదహారు మందీ చక్కగా చదివారు, లెక్కలూ తప్పు లేకుండా చేశారు. ఫలితాలు రాగానే జంబయ్య బడి ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ముప్పాతిక భాగం ఆయన ముఖమే, మిగిలిన చోట 'నూటికి నూరు'. పైన పటారం, లోన లొటారం అంటే అదే.

పదిహేను రోజులకు ధవళమ్మ మళ్లీ వచ్చింది. జంబయ్య దండ వేస్తుందేమోనని చొక్కా సర్దుకున్నాడు. ఆవిడ సంచిలోంచి కాగితం తీసింది. పిల్లలు వెనకబడ్డ బడికి అదనంగా ఒక మాస్టారిని ఇవ్వడానికే ఆ పరీక్ష పెట్టారట. వాగు అవతల రేగులపాడులో సగం మందికి చదవడం రాలేదు. ఈతవనంలో అందరికీ వచ్చని హెడ్మాస్టరే చెప్పారు కనుక, బొల్లయ్యను రేపటి నుంచి రేగులపాడుకు వేశారు. ఇక్కడికి జంబయ్య ఒక్కడూ చాలు.

"ఈ సంగతి ముందే చెప్పొద్దూ అమ్మా?" అన్నాడు జంబయ్య.

"రెండో పేజీలో రాశామండీ."

జంబయ్య ఆవిణ్ని పక్కకు పిలిచి, పన్నెండు మంది సంగతి గొణిగాడు. ధవళమ్మ కోప్పడలేదు. కలం తీసి ఇచ్చింది.

"ఫలానా పన్నెండు మందికి చదవడం రాదని మీ చేత్తో రాసివ్వండి. బొల్లయ్యగారిని ఇక్కడే ఉంచుతాను, ఇంకో మాస్టారి కోసం నేనే పైవాళ్లను అడుగుతాను."

కలం అందుకున్నాడు. రిజిస్టరు వరుసలో మొదట రాయాల్సిన పేరు కొడుకుది. బయట ఫ్లెక్సీ కింద ఎవరో దాన్ని చదువుతూ మెచ్చుకుంటున్నారు. తేలు కుట్టిన దొంగలా కలం తిరిగి ఇచ్చేశాడు.

మర్నాడు బొల్లయ్య వాగు దాటాడు. దాటేముందు ఆ పన్నెండు మంది తలలూ నిమిరి వెళ్లాడు. జంబయ్య సుద్దముక్క పట్టుకున్నాడు గానీ, ఒక తరగతి వైపు తిరిగితే నాలుగు తరగతులు అల్లరి. మధ్యాహ్నానికే గొంతు పోయింది. వారం తిరక్కుండానే తాబేలు తన పిల్లను వీపున ఎక్కించుకుని రేగులపాడు బడిలో చేర్పించింది. ముళ్లపందులూ వెళ్లాయి, ఆ వెనకే కుందేళ్లూ వెళ్లాయి.

ఆ తర్వాతి సోమవారం పొదలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని గుమ్మం దిగుతుంటే జంబయ్య అడ్డం నిలబడ్డాడు.

"హెడ్మాస్టరు కొడుకు పక్కూరి బడికా? నలుగురూ ఏమనుకుంటారు?"

"వీడికి చదవడం రాదనుకుంటారు. రాదు కదండీ మరి."

ఆవిడ ఆయన్ని తప్పుకుని ముందుకు నడిచింది. పిల్లాడు తండ్రి వైపు ఒకసారి తిరిగి చూసి, తల్లి వెంట వాగు వైపు నడిచాడు.

రాదని ఒప్పుకున్న చోటే చదువు మొదలవుతుంది.