ఈగను మింగిన కొత్త ఆకు

మీ తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో మణిధ్వజుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల దీవిలో హేమరేఖ అనే రాజకుమార్తెను కరాళుడనే మాంత్రికుడు రాయిగా మార్చాడని విని, ఆ ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు బయలుదేరారు.

ఆమె ప్రాణాన్ని మాంత్రికుడు కుండీలో పెరిగే, ఈగలను మింగే ఒక మొక్కలో దాచాడు. దాని ప్రతి ఆకు చివరా ఒక నోరు, నోట్లో సన్నని వెంట్రుకలు. వచ్చినవాడికల్లా ఒకే మాట చెప్పేవాడు.

"దీన్ని పెంచు. ఏడాది నిండిన సాయంత్రానికి కొత్త ఆకు ఉంటే ఆమె లేస్తుంది. లేకపోతే నువ్వూ రాయివే."

పెద్దవాడు సరదాపడి రోజూ ఆ నోళ్లలో వేలు పెట్టి మూయించాడు. మూసుకుని, తెరుచుకుని ఆకులు అలిసిపోయి నల్లబడ్డాయి. అతను రాయయ్యాడు. రెండోవాడు రాజమర్యాదలు చేశాడు. పాలు పోశాడు, వేటమాంసం పెట్టాడు. మొక్క వేళ్లు కుళ్లసాగాయి. అతనూ రాయయ్యాడు.

మూడోవాడు చంద్రకేతుడు వచ్చేసరికి మూడే ఆకులు మిగిలాయి. అన్నలను చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్కనున్న మడుగులోని కప్పకు జాలేసింది.

"ఏడవకు నాయనా. వాననీళ్లు పళ్లెంలో పోసి కుండీని అందులో పెట్టు. ఎండ తగలనీ. తిండి అదే పట్టుకుంటుంది. నువ్వు మాత్రం ముట్టుకోకు."

"అంతేనా కప్పమ్మా?"

"అంతే. కష్టమంతా అందులోనే ఉంది."

చలికాలం వచ్చింది. మూడు ఆకులూ నల్లబడ్డాయి. కరాళుడు వచ్చి నవ్వాడు.

"చచ్చిందిరా! పీకి పారెయ్!"

చంద్రకేతుడు నమ్మేశాడు. పీకడానికి చెయ్యి చాచాడు కూడా. ఎందుకో మొక్క మొదట్లో మట్టి కాస్త తీసి చూశాడు. లోపల తెల్లని దుంప గట్టిగా ఉంది. నిద్రపోతోందనుకుని మట్టి కప్పేసి, పక్కనే కూర్చున్నాడు.

ఎండలు ముదిరాక దుంప నడిమి నుంచి ఒక ఆకు పిడికిలి బిగించుకుని లేచింది. ఏడాది నిండే రోజు పొద్దున్నే నోరు తెరిచింది. అది చూసి కరాళుడు దాన్ని కొరికేయాలని ఈగగా మారి వాలాడు. ఈ నోళ్లకు మూసుకునే సత్తువ పోయిందని వాడి ధీమా. పాపం, అలిసినవి పాత ఆకులు, ఇది కొత్తది! ఒక వెంట్రుక తగిలింది, ఏమీ కాలేదు. రెండోది తగలగానే నోరు మూసుకుంది.

మాంత్రికుడు చావడంతో సాయంత్రానికి అన్నలూ లేచారు. హేమరేఖ కళ్లు తెరిచింది.

"ఏడాదంతా ఏం చేశారు?" అని అడిగింది.

"నీళ్లు పోశాను. మిగతా కాలం చేతులు కట్టుకుని కూర్చున్నాను. చాలా భయమేసింది."

ఆమె ఏడ్చేసింది. అన్నలు తలలు దించుకున్నారు.

పెళ్లయింది. వాళ్లిద్దరూ ఎవరినీ తొందరపెట్టకుండా చాలాకాలం రాజ్యమేలారు.