రెండు స్టీలు గ్లాసులు

భ్రమరాంబగారికి ఒక అలవాటుంది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్పరు. "రేపు సాయంత్రం మీ ఇంట్లో ఏం వండుతున్నారు?" అని ఎదురు అడుగుతారు. అంటే రేపు సాయంత్రం ఆవిడ వాళ్ళింటికి వస్తున్నారన్నమాట.

ఆవిడ బడిలో ముప్పై ఏళ్ళు గృహవిజ్ఞానం చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు కాకినాడలో తన వంటింట్లోనే, వారానికి రెండు సాయంత్రాలు, తల్లులకీ పిల్లలకీ కలిపి వంట నేర్పుతున్నారు. పులిహోరా బూరెలూ కాదు. మధ్యధరా సముద్రం ఒడ్డున ఉండే జనం రోజూ తినే తిండి: ఆలివ్ నూనె, శనగలు, ఆకుకూరలు, టమాటాలు, ముడి గోధుమ రొట్టె. గుండెకి మంచిదని డాక్టర్లు చెబుతున్నారు కనక, ఆఫీసు నుంచి వచ్చాక అరగంటలో అయ్యేటట్టు ఆవిడ దాన్ని మన పొయ్యికి అలవాటు చేశారు. అదే బడిలో నేను లెక్కలు చెప్పాను. ఇప్పుడు ఆ క్లాసులో కూరలు కడిగిపెడుతూ ఉంటాను.

ఒక బుధవారం క్లాసు అయ్యాక హైమ ఆగిపోయింది. పోస్టాఫీసులో పని చేస్తుంది. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఇందు, పదేళ్ళది. చిన్నది కుందన, ఆరేళ్ళది.

"టీచర్‌గారూ, పిల్లలకి జాగ్రత్త నేర్పాలంటే కాస్త భయం పెట్టక తప్పదు కదండీ? మీరేమో ఎవర్నీ గట్టిగా ఒక మాట అనరు. మా ఇంట్లో అలా కుదరదు. మా ఇంటి సంగతి వేరు."

ఆ ఇంటి సంగతి నిజంగానే వేరు. మూడు నెలల కిందట, ఒక ఆదివారం మధ్యాహ్నం, హైమ భర్త వామనరావు భోజనం చేస్తూ చేస్తూ చెమటలు పట్టి పక్కకి ఒరిగిపోయాడు. ఆ క్షణానికి ఆయన కంచంలో రెండోసారి ఆవకాయ వేస్తున్నది ఇందు. గరిటె దాని చేతిలోనే ఉండిపోయిందట. ఆయన గుండెలో రెండు స్టెంట్లు వేశారు. ఉప్పు బాగా తగ్గించమన్నారు. ఆనాటి నుంచి హైమ కూతుళ్ళకి పూటపూటా చెప్పే పాఠం ఒకటే: "ఉప్పు ఎక్కువైందంటే నాన్న మళ్ళీ ఆసుపత్రికే."

భ్రమరాంబగారు అంతా విని, "రేపు సాయంత్రం ఏం వండుతున్నారు?" అన్నారు.

మర్నాడు ఏడు గంటలకి ఆవిడా నేనూ వెళ్ళాం. పొయ్యి మీద కాబూలీ శనగలు, వంకాయ, టమాటా మగ్గుతున్నాయి. ఇందు పీట మీద నిలబడి కలుపుతోంది. కుందన సీసాలోంచి ఆలివ్ కాయలు తీస్తోంది. హైమ వెనకనే నిలబడి, "అర చెంచా. చెంచా అంచుకి సమంగా కొలువు. నాన్న సంగతి తెలుసుగా?" అంది. ఇందు ఉప్పు కొలిచి వేసింది. పక్కింటి పిల్లలైతే ఆ వయసులో గరిటె తిప్పుతూ పాటలు పాడతారు. ఈ పిల్ల ఊపిరి కూడా లెక్కపెట్టి తీసుకుంటున్నట్టుంది.

హైమ బట్టలు మడతపెట్టడానికి పక్క గదిలోకి వెళ్ళింది. మేము వంటింటి గుమ్మం పక్కన కూర్చుని పుదీనా ఆకులు తుంచుతున్నాం.

ఇప్పుడు చెప్పేది కొంచెం జాగ్రత్తగా వినండి. గట్టు మీద రెండు స్టీలు గ్లాసులున్నాయి. మన ఇళ్ళల్లో గ్లాసులన్నీ ఒకటే అచ్చు కదా. ఒకదాంట్లో మంచినీళ్ళు. రెండో దాంట్లో, కుందన సీసాలోంచి వంపిన ఉప్పునీళ్ళు. ఆలివ్ కాయలు ఊరేది వాటిలోనే. కూర అడుగంటుతుంటే ఇందు కంగారుగా చేతికందిన గ్లాసు మొత్తం గిన్నెలో వంచేసింది.

"అక్కా! అవి కాయల నీళ్ళే!" అంది కుందన.

ఇందు దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ష్! అమ్మకి చెప్పకు."

"మరి నాన్న..."

"చెప్పావంటే చంపేస్తాను కుందూ. నోరు మూసుకో."

రుచి చూద్దామన్నా వీల్లేదు. వండినది దేవుడికి చూపించకుండా నాలిక మీద పెడితే ఎంగిలి అని ఆ ఇంట్లో పట్టింపు. పిల్ల గిన్నెలోకి చూస్తూ నిలబడిపోయింది. కూర ఎర్రగా, చక్కగా, నూనె తేలుతూ ఉడుకుతోంది. ఆ ఎరుపులో ఏముందో పైకి ఏమీ కనిపించదు.

నేను లేవబోయాను. భ్రమరాంబగారు నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు. తనే లేచి, అప్పటికే భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్న వామనరావు పక్క కుర్చీలో, ఆయన కంచానికి చెయ్యి అందేటంత దగ్గరగా కూర్చున్నారు.

హైమ వచ్చి గిన్నె దేవుడి ముందు పెట్టి తెచ్చి వడ్డించింది. ఇందు గోడకి అంటుకుపోయింది.

"నాన్నా, ఆకలేస్తోందా?"

"దంచేస్తోంది తల్లీ."

"రొట్టె ఒక్కటే తినరాదూ? రొట్టె బాగుంటుంది."

"చూశారా టీచర్‌గారూ," వామనరావు నవ్వాడు. "ఆసుపత్రిలో ఒక డాక్టరు, ఇంట్లో ముగ్గురు." రొట్టె తుంచి, కూరలో ముంచి, చెయ్యి పైకెత్తాడు.

భ్రమరాంబగారి చెయ్యి కదిలేలోపే ఇందు దూకింది. తండ్రి వేళ్ళ మధ్యనుంచి ఆ ముక్క లాక్కుని తన నోట్లో పెట్టుకుంది. కంచం తన వైపు ఈడ్చుకుని, గుప్పెళ్ళతో కూర నోట్లో కుక్కుకుంటూ, ఏడుస్తూ మింగుతోంది. అంతా తను తినేస్తే ఆయనకి మిగలదు. ఆ పిల్లకి తోచిన దారి అదొక్కటే.

"ఇందూ! పిచ్చెక్కిందా నీకు!" హైమ చెయ్యెత్తింది.

భ్రమరాంబగారు కంచం మీద అరచెయ్యి కప్పారు. "ఎలా ఉందమ్మా?" అని పిల్లని అడిగారు, పాఠం అడిగినట్టుగానే.

"ఉప్పు... ఉప్పు కషాయం మామ్మగారూ. నేనే పోశాను. నాన్నకి పెట్టకండి. నేనే పోశాను."

ఒక్క పూట ఉప్పు ఎక్కువ తింటే ఆయనకి ఏమయ్యేదో నేను చెప్పలేను. అది డాక్టర్లు చెప్పవలసిన మాట. నేను చూసింది ఆ పిల్లనే.

ఆవిడ పిల్లకి మంచినీళ్ళు తాగించి, వంటింట్లోకి తీసుకెళ్ళారు. కూర చిల్లుల గిన్నెలో వంచి, మీద వేడినీళ్ళు పోయించారు. కొత్తగా నాలుగు టమాటాలు కోయించారు. పావుగంటలో మళ్ళీ ఉడికింది. అప్పుడు గరిటెతో ఒక చుక్క పిల్ల అరచేతిలో వేశారు.

"గరిటె నోటికి తగల్లేదు. గిన్నె ఎంగిలి కాలేదు. చూసి చెప్పు."

ఇందు తల్లి వైపు చూసింది. హైమ తలాడించింది. పిల్ల చేతిని నాకి, "చప్పగా ఉంది," అంది.

"చప్పగా ఉంటే నాన్నకి పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు."

వామనరావు రెండు రొట్టెలు తిన్నాడు. తింటున్నంతసేపూ ఇందు ఆయన నుదుటినే చూస్తూ కూర్చుంది, చెమట పడుతుందేమోనని.

మేము బయల్దేరేటప్పుడు హైమ గేటు దాకా వచ్చింది. "ఎంత గండం తప్పిందండీ! అందుకే నేను అన్నన్నిసార్లు చెప్పేది. అంత చెప్పినా ఇలా జరిగిందంటే, ఇంకెంత గట్టిగా చెప్పాలో మీరే చెప్పండి."

భ్రమరాంబగారు చెప్పులు వేసుకుని, వంటింటి కిటికీ వైపూ, దాని పక్క గది కిటికీ వైపూ చూశారు.

"ఈ గదికీ ఆ గదికీ నాలుగడుగులైనా లేవు, హైమా. కూరలో ఆ నీళ్ళు పడ్డాక పిల్ల పావుగంట గిన్నె ముందే నిలబడి ఉంది," అన్నారు. "అంత భయంలోనూ నిన్ను పిలవలేదు."