గిజిగాడి పదివేల గవ్వలు

అనగా అనగా, పక్షులకు కూడా లెక్కలు వచ్చిన కాలంలో, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఒక చిన్న దీవి ఉండేది. దీవి మధ్యన ఒక నల్లబండ. రోజూ తెల్లారగానే పక్షులన్నీ ఆ బండ మీద సభ కూడేవి.

ఆ సభ ఎలా మొదలైందో ముందు చెబుతాను, వినండి.

ఒక చలికాలం పొద్దున, పొగమంచులో, రెల్లుదుబ్బు వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. ఏ పక్షి గొంతో ఎవరికీ తెలియలేదు.

“ఈ ఏటి అడుగున ఇరవై ఒక్క లక్షల గవ్వలున్నాయి. అంతకు మించి ఒక్కటీ లేదు. నేను రోజూ కొన్ని లెక్కలు ఇస్తాను. ముందుగా జవాబు చెప్పినవారి పేరున యాభై గవ్వలు. గవ్వలు ఉన్న చోటే ఉంటాయి, పేర్లే మారతాయి. ఎవరు ఎవరికి ఇచ్చినా ఈ బండ మీద నిలబడి చెప్పాలి. ఆ మాటను సభంతా మూడుసార్లు పలకాలి. మూడుసార్లు పలికిన మాటకు తిరుగు లేదు.”

“మరి రాజుగారి ముద్ర?” అని అడిగింది కాకి.

“అక్కర్లేదు.”

“కోశాధికారి?”

“అక్కర్లేదు. మీరంతా వింటున్నారుగా, అది చాలు.”

పక్షులు నవ్వుకున్నాయి. అయినా ఊసుపోక లెక్కలు చెయ్యడం మొదలుపెట్టాయి. కనిపించని ఆ గొంతును ‘అయ్యవారు’ అని పిలుచుకున్నాయి.

లెక్కల్లో తీతువును మించినవారు లేరు. తీతువంటే తెలుసుగా? పొడుగు కాళ్ళ పిట్ట. అది కూస్తే కీడు మూడుతుందని పెద్దలంటారు. పాపం, దేవుడిచ్చిన గొంతే అంత. అది ఎదురైతే మిగతా పక్షులు రెక్క ముడుచుకుని పక్కకు జరిగేవి. గూళ్ళల్లే గిజిగాడు ఒక్కడే దాని పక్కన కూర్చునేవాడు. “అక్కా, పదమూడో ఎక్కం ఇంకోసారి చెప్పవా?” అని అడిగేవాడు. అలా నేర్చుకుని, తనూ లెక్కలు గెలిచి, పదివేల మూడువందల గవ్వలు సంపాదించాడు.

సంపాదించాడంటే ఏముంది! ఆ రోజుల్లో గవ్వకు గడ్డిపోచ కూడా వచ్చేది కాదు.

మూడో ఏడు వానాకాలం వచ్చింది. గిజిగాడి పెళ్ళాం గుడ్లు పెట్టే వేళ దగ్గర పడింది. గూడు చూస్తే సగమే అయింది. మేతకు పోతే అల్లిక ఆగిపోతుంది. అల్లుతూ కూర్చుంటే కడుపు మాడిపోతుంది. గిజిగాడు తడిసిన రెక్కలతో బండ ఎక్కాడు.

“ఎవరైనా నాకు రెండు జొన్నకంకులు తెచ్చిపెట్టండి. పదివేల గవ్వలిస్తాను.”

“కంకికి అయిదువేలా!” అంది కాకి. “తినేటప్పుడు గింజలు లెక్కపెట్టి చెప్పరా అబ్బాయ్, గింజ ఎంత పడిందో!”

మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు గట్టు మీది చేలల్లోంచి ఒక చిలుక రెండు కంకులు ముక్కున కరుచుకుని వచ్చి వాలింది.

“గిజిగాడి గవ్వలు పదివేలు చిలుకకు!” సభంతా మూడుసార్లు పలికింది. లోకంలో మొదటిసారిగా గవ్వకు గింజ వచ్చింది. ఆ సంతోషంలో గిజిగాడు ఒక కంకి ఇంటికి పంపి, రెండోది బండ మీద రాల్చి, అందరికీ తలో నాలుగు గింజలు పెట్టాడు. ఆ పూట ఆ దీవిలో నవ్వని పక్షి లేదు.

మరుసటి ఏడాదికి గవ్వకు ఒక కంకి వచ్చింది. ఆ పై ఏడాదికి పది. పదివేల గవ్వలంటే లక్ష కంకులన్నమాట! గిజిగాడు కంకులు కొన్న రోజును పక్షులు పండుగ చేశాయి. ‘లక్ష కంకుల మావయ్య వచ్చాడర్రా!’ అని దారి వదిలేవి. ‘అన్నం అరిగిందా మావయ్యా?’ అని అడిగేవి. మొదటి పండుగకు గిజిగాడు అందరితో కలిసి నవ్వాడు. రెండో పండుగకు నవ్వు మొహాన పెట్టుకుని కూర్చున్నాడు. మూడో పండుగకు రానేలేదు.

ఆ చలికాలమే ఇంకొకటి జరిగింది. ఒకనాటి పొద్దున పొగమంచులోంచి గొంతు వినిపించలేదు. ఆ మరునాడూ లేదు. వెళ్తున్నానని చెప్పలేదు. ఎందుకో చెప్పలేదు. పక్షులు చలిలో బండ మీద ముడుచుకుని, రెల్లుదుబ్బు వైపే చూస్తూ కూర్చున్నాయి.

నెల తిరిగాక దుబ్బు వెనక అలికిడైంది. “నేనే మీ అయ్యవారిని! వచ్చేశాను!”

సభ ఒక్కసారి లేచి నిలబడింది. తీతువు మాత్రం నెమ్మదిగా అడిగింది. “అయితే ఒక లెక్క ఇవ్వండి అయ్యవారూ.”

“లెక్కా? ఊఁ... రెండు రెళ్ళు ఎంత?”

“ఓరి కాకీ, బయటికి రా!” అని పక్షులన్నీ పకపకా నవ్వాయి. నవ్వి నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే పిచ్చుక ఏడ్చింది. తర్వాత అందరూ ఏడ్చారు. ఇంటి పెద్ద లేడని ఆ రోజే వాటికి నమ్మకం కుదిరింది.

పెద్ద దిక్కు లేని చోట ఎవరో ఒకరు పెద్దరికం కట్టుకుని వస్తారు. ఇక్కడికి గూడబాతు వచ్చింది. ముక్కు కింద సంచీ, నిండైన నడక, తియ్యని మాట.

“అయ్యవారు వెళ్ళిపోతే మాత్రం, నేను లేనూ?” అంది గూడబాతు. “మీ గవ్వలు నా పేరున చెయ్యండి. వంద చేస్తే వారం తిరిగేసరికి నూట ఏడు ఇస్తాను. తీసుకునేవాళ్ళు తీసుకోండి, ఉంచుకునేవాళ్ళు ఉంచుకోండి.”

కాకి వంద వేసింది. వారానికి ఏడు వచ్చాయి. పిచ్చుక వేసింది, దానికీ వచ్చాయి. ఇక సభలో పొద్దుగూకులూ అదే పలుకు. ‘పిచ్చుక గవ్వలు వంద గూడబాతుకు. గూడబాతు గవ్వలు ఏడు కాకికి.’ నెలలోగా లక్ష గవ్వలు గూడబాతు పేరున చేరాయి.

గిజిగాడికి మిగిలింది మూడువందలు. కరువొస్తే పెళ్ళానికీ పిల్లలకూ అవే తిండి. అయినా అతను ఆ మూడువందలూ తీసుకుని బండ ఎక్కాడు. తీతువు పరుగెత్తుకుంటూ వచ్చి అడ్డం నిలబడింది.

“వద్దు తమ్ముడూ. వారానికి ఏడంటే పదకొండు వారాలకు రెట్టింపు. ఏడాదికి ముప్పై మూడు రెట్లు. ఈ లక్ష ముప్పై మూడు లక్షలవ్వాలి. ఏరంతా గాలించినా ఉన్నవి ఇరవై ఒక్క లక్షలే! నిన్న పిచ్చుక వేసిన వందలోంచి తీసి గూడబాతు ఇవాళ కాకికి ఏడు ఇచ్చింది. మీరే పలికారు కదర్రా, ఒక్కసారి కూడి చూడండి!”

ఎవరూ కూడలేదు. “పొద్దున్నే ఈ తీతువు కూతేమిటి, అపశకునం!” అంది కాకి. “నీకు రాలేదని కడుపుమంటా?” అంది పిచ్చుక. గూడబాతు జాలిగా తల ఊపింది.

“తమ్ముడూ, పిల్లల మొహం చూసి ఆగు,” అని తీతువు బతిమాలింది.

గిజిగాడు తల ఎత్తలేదు. “లక్ష కంకులు పోగొట్టుకున్నవాడినని నా పిల్లల ముందే నవ్వుతున్నారు. నీకేం తెలుసక్కా ఆ బాధ? అందరూ అనేది నిజమే. నువ్వు నోరు తెరిస్తే కీడే.”

‘గిజిగాడి గవ్వలు మూడువందలు గూడబాతుకు’ అని సభ మూడుసార్లు పలికింది. తీతువు ఎగిరి వెళ్ళి, సభకు దూరంగా బురదమేట మీద ఒంటరిగా కాపురం పెట్టింది.

ఆ తర్వాత ఏడో వారం. ఉత్తరాది బాతులు గుంపుగా వచ్చి ఏట్లో దిగాయి. గూడబాతు బండ ఎక్కి, రోజూలాగే తియ్యగా అంది. “గూడబాతు పేరున ఉన్న గవ్వలన్నీ ఉత్తరాది బాతులకు.”

అలవాటుగా సభ పలికింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి కొన్ని గొంతులు తడబడ్డాయి. కానీ పలుకు పూర్తయింది.

“ఏమన్నాం మనం?” అంది పిచ్చుక.

“ఇచ్చేశామన్నారమ్మా,” అంది గూడబాతు. “మూడుసార్లు పలికారు. తిరుగు లేదు.” రెక్కలు విప్పి, బాతులు తనకు బదులుగా ఇచ్చిన చేపల చెరువు వైపు ఎగిరిపోయింది. దోచుకున్నది అదే. దోపిడీకి సాక్ష్యం పలికింది మాత్రం దోపిడీకి గురైనవాళ్ళే.

ఆ ఏడు వానలు రాలేదు. చేలు ఎండాయి. చిలుకల దగ్గర పాత కంకులున్నాయి గానీ, “గవ్వ చెప్పండి, కంకి పట్టండి,” అన్నాయి. మిగతావారంతా ఉన్నవన్నీ గూడబాతు పేరున చేసినవారే, దీవి మొత్తానికి గవ్వలు మిగిలింది తీతువుకే.

ముందు కాకి వచ్చింది, తల వంచుకుని. “ఆ రోజు నోరు జారాను. ఆకలేస్తోంది.”

“అయిపోయిందిగా, కూర్చుని తిను,” అంది తీతువు.

తర్వాత పిచ్చుక వచ్చింది. తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. అడిగినవారికి లేదనకుండా తీతువు పెట్టింది. కూసే గొంతును కీడని తిట్టినవాళ్ళే ఇప్పుడు, “నువ్వు చెప్పిన లెక్కే నిజమైంది తల్లీ,” అని దండం పెట్టారు.

గిజిగాడు రాలేదు.

తీతువు రోజూ అతని గూటి వైపు చూసేది. పోదామని రెక్క విప్పేది. మళ్ళీ ఆ మాట గుర్తొచ్చేది. ‘రానీ. పరాయివాళ్ళు వచ్చి అడిగారు. తమ్ముడు ఒక్కసారి వచ్చి అడగలేడా?’ అనుకుని రెక్క ముడిచేది. పది రోజులైంది. ముప్పై రోజులైంది.

నలభై ఒకటో రోజున గిజిగాడి పెళ్ళాం వచ్చి బురదమేట మీద వాలింది. రాగానే తీతువు కాళ్ళ దగ్గర తల ఆనించింది.

“వదినా, మీ రుణం ఏ జన్మకు తీర్చుకుంటాం! మీరు పంపే గింజలతోనే పిల్లలు బతికారు.”

తీతువు తెల్లబోయింది. “నేను పంపడమేమిటి?”

“అదేమిటి వదినా! రోజూ సాయంత్రానికి ఇన్ని గింజలు తెస్తాడుగా. నువ్వు తినవా అంటే, ‘అక్క ఎదురుగా కూర్చోబెట్టి తినిపించింది, కడుపు నిండా ఉంది’ అంటాడు. నిన్న పొద్దున వెళ్ళినవాడు ఇంకా రాలేదు. కరువు కదా, మీ దగ్గరే ఉండిపోయాడేమోనని...”

తీతువు ఆ మాట పూర్తిగా వినలేదు. ఎగిరింది.

ఉప్పునేల అంచున, ఎండిపోయిన చేలకు పోయే దారిలో గిజిగాడు పడి ఉన్నాడు. నెర్రెల్లోంచి ఏరుకొచ్చిన గింజలు ఆరు, ముక్కున పట్టుకునే ఉన్నాడు. ఒక్కటి మింగి ఉంటే ఇంకాస్త దూరం ఎగిరేవాడేమో. మింగలేదు. తీతువు రెక్క కింద చేర్చి ఎత్తితే అతనికి బరువే లేదు.

“తమ్ముడూ, ఆకలేస్తోందని ఒక్క మాట అనలేకపోయావా?” అని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఆగిపోయింది. ఏ దూరం ఎంతో దానికి లెక్క తెలుసు. బురదమేట నుంచి గిజిగాడి గూటికి రెక్కలు ఇరవైసార్లు కొడితే చాలు. నలభై ఒక్క రోజుల్లో ఆ ఇరవై రెక్కలు తనూ కొట్టలేదు.

మరునాడు చాలా కాలానికి తీతువు నల్లబండ ఎక్కింది. పక్షులన్నీ చుట్టూ చేరాయి.

“గిజిగాడు ఆకలితో పోయాడు,” అంది తీతువు. “నేను వెళ్ళి అడగలేదు.”

బండ మీద అన్న మాటను సభ మూడుసార్లు పలకాలి. అది వాళ్ళ కట్టుబాటు.

“గిజిగాడు ఆకలితో పోయాడు. నేను వెళ్ళి అడగలేదు,” అన్నాయి పక్షులు.

రెండోసారి పలికేటప్పటికి పిచ్చుక తల రెక్క కింద దాచుకుంది. అతను ఎప్పుడెప్పుడు ఎన్ని గవ్వలు ఎవరికిచ్చాడో ఆ సభలో ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చు. చివరిసారి ఎప్పుడు తిన్నాడో ఏ ఒక్కరికీ తెలియదు. మూడోసారి పలకడం మొదలుపెట్టారు గానీ, చివరిదాకా పలికింది అతని పెళ్ళాం ఒక్కతే.

ఆ పూట నుంచి తీతువు గిజిగాడి పెళ్ళాన్నీ పిల్లలనూ తన మేటకు తెచ్చుకుని సాకింది. పిల్లలకు పదమూడో ఎక్కం నేర్పింది. పిల్లలు పెద్దవై గూళ్ళల్లడం మొదలుపెట్టాయి. వాటిని చూసినప్పుడల్లా తీతువు ‘అయ్యో’ అనుకునేది. తండ్రి మాత్రం తిరిగి రాలేదు.

ఆ దీవిలో ఇప్పటికీ సభ జరుగుతుందట. గవ్వల ఊసు ఎత్తబోయే ముందు ప్రతి పక్షీ పక్కనున్న పక్షి వైపు తిరిగి, “తిన్నావా?” అని అడుగుతుందట. రాని పక్షి ఉంటే దాని గూటికి వెళ్ళి మరీ అడిగి వస్తాయట. అంతదాకా సభ మొదలు కాదు.

పిల్లలూ, సొమ్ము లెక్క వందమంది సాక్షులుంటే నిలుస్తుంది. తోటివాడి ఆకలి మాత్రం మనం వెళ్ళి అడిగితేనే తెలుస్తుంది.