పాల వ్యాను తోలినవాడు

సువర్చల తన సినిమా కథలో రాసిన దొంగను పట్టుకోవడం పోలీసుల వల్ల కాలేదు. అంత తెలివిగా రాసింది వాణ్ని. నగల దుకాణం గోడ ఎన్ని అంగుళాల మందమో, కాపలావాడు ఎన్నింటికి బీడీ వెలిగిస్తాడో అన్నీ వాడికి తెలుసు. చివరికి వాణ్ని ఆపే దారి ఆమెకే దొరక్క, మలుపులో ఒక పాల వ్యానును తెచ్చి వాడి కారును గుద్దించింది.

దర్శకుడు కాగితాలు బల్ల మీద పడేశాడు. “ఎక్కణ్నుంచి ఊడిపడిందమ్మా ఈ వ్యాను? దీన్ని విధి తోలలేదు. నువ్వు తోలావు.”

అప్పటికే రెండుసార్లు తిరగరాసింది. రేపు పదింటికల్లా మూడోసారి తిరగరాసి వినిపించాలి. అదీ కుదరకపోతే ఇంకో రచయితను పెట్టుకుంటాననీ, తెర మీద ఆమె పేరు ఉండదనీ తేల్చి చెప్పేశాడు. ఐదేళ్లు ఎవరెవరి పేర్ల కిందో మాటలు రాసిన పిల్ల. తన పేరు పడబోయే మొదటి సినిమా ఇది.

నేరుగా కృష్ణానగర్ వెళ్లి తన గురువు దస్తగిరి మాస్టారి గదిమెట్లు ఎక్కింది. నంద్యాల నుంచి వచ్చి నలభై ఏళ్లు కథలు రాసి తెర మీద దొంగల్నీ, పోలీసుల్నీ పరిగెత్తించిన మనిషి ఆయన. శిష్యులకు ఒక్క పాఠమూ చెప్పి ఎరగడు. పనులు మాత్రం తెగ చెబుతాడు.

“మాస్టారూ, ఒక్కటి అడుగుతా. బస్సు తప్పినవాడు బతుకుతాడు, ఉరుక్కుంటూ వెళ్లి ఎక్కినవాడు పోతాడు. పేపర్లో చదివితే అయ్యో అంటారు, నమ్ముతారు. అదే తెర మీద పెడితే ఎందుకు నమ్మరు?”

“మంచి మాటే అడిగినావు పాపా,” అన్నాడాయన. “ముందు నా చొక్కా తెచ్చిపెట్టు. వెనక సందులో ఇస్త్రీ బండి ఉంటాది. రేపు పెండ్లికి పోవాల.”

సువర్చలకు ఒళ్లు మండింది. తన కొంప మునుగుతుంటే ఈయనకు చొక్కా కావాలట.

“ఊరికే పోవద్దు,” మాస్టారు తెల్లకాగితం ముందుకు తోశాడు. “దారిలో ఏమేం అడ్డమొస్తాయో అన్నీ రాసిచ్చి పో.”

అది తన విద్యే కదా! కూర్చుని చకచకా రాసింది. వాన. కుక్క. ఇస్త్రీ అతను అన్నానికి వెళ్లి ఉండటం. చొక్కా మారిపోవడం. చెప్పు తెగడం. మొత్తం పదకొండు.

“పన్నెండోది ఉందంటే కలం పారేస్తా మాస్టారూ.”

ఆయన ఆ కాగితం చదవలేదు. మడిచి కళ్లజోడు పెట్టె కింద పెట్టుకున్నాడు.

వాన లేదు. కుక్క ఆటో కింద నిద్రపోతోంది. ఇస్త్రీ అతను బండి దగ్గరే ఉన్నాడు, చొక్కా కూడా సరైనదే ఇచ్చాడు, ఇంకా వెచ్చగా ఉంది. సువర్చల ఒక్కొక్కటే మనసులో కొట్టేసుకుంటూ వెనక్కి తిరిగింది.

అప్పుడు సందు మొదట్లో నీళ్ల ట్యాంకరు ఆగింది.

క్షణంలో ప్రతి తలుపూ తెరుచుకుంది. డ్రమ్ములు, బిందెలు, బకెట్లు, మనుషులు. ఆ ఏటవాలు సందులో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. పావుగంట నిలబడింది. ఇక ఓపిక లేక, ట్యాంకరు ఖాళీ అయ్యే వేళకు పైపును దాటబోయింది. కాలు తగులుకుంది. పైపు ఎగిరింది. గడప ముందు నింపిపెట్టిన రెండు బిందెలు పల్లానికి దొర్లుకుంటూ పోయాయి. వాటి వెనకే మాస్టారి చొక్కా.

కొంగు నడుముకు దోపుకున్న ఒకావిడ మీదికొచ్చింది. “యాడికెళ్లి ఊడిపడ్డవే నువ్వు? వారానికొక్కపారి వస్తయి నీళ్లు!”

“ట్యాంకరు ఇలా అడ్డంగా పెడితే ఎవరైనా...”

“ట్యాంకరు అడ్డమా? అది ప్రతి మంగళారం గీడనే నిలవడ్తది. నువ్వొచ్చినవ్ అడ్డం!”

పొద్దున దర్శకుడు వ్యాను గురించి అడిగిన మాటే ఇప్పుడు ఈవిడ తన గురించి అడిగింది. సువర్చల చొక్కా ఏరుకుని, తలొంచుకుని వచ్చేసింది.

“పన్నెండోది ఏమొచ్చె?” అన్నాడు మాస్టారు, బురద చొక్కా చూస్తూ.

“నీళ్ల ట్యాంకరు. మీకు తెలిసే పంపారు కదూ?”

“తెలిస్తే పెండ్లికి పోయే చొక్కా కోసరం పంపిస్తానా? ఉన్నదే ఒక్క చొక్కా!” ఆయన నిజంగానే దిగులుపడ్డాడు. చొక్కా పిండి తాడు మీద ఆరేశాడు. తరువాత తీరిగ్గా అడిగాడు. “నీళ్లు పారబోసినాక ఆయమ్మ ఏం చేసె?”

“తిట్టింది.”

“తిట్టినాక?”

“తెలీదు. నేను వచ్చేశాను.”

“అంతటితో వచ్చేస్తివా?”

అంతే. ఆయన చొక్కా మీది మరక వైపే చూస్తూ కూర్చున్నాడు.

సువర్చల సంచిలోంచి కాగితాలు తీసింది. చివరి పుట. వ్యాను గుద్దింది, దొంగ దొరికాడు, తెర పడింది. వ్యాను తోలినవాడికి ఒక పేరు కూడా పెట్టలేదామె.

“మాస్టారూ, గుద్దిన తర్వాత ఈ వ్యాను తోలినవాడు ఏం చేసుంటాడు?”

“నన్నడిగితే నాకెట్ల తెలుస్తాది పాపా?”

ఆమె లేచి, స్నానాల గదిలో ఉన్న నిండు బకెట్‌ను అడక్కుండానే ఎత్తుకుంది. మెట్లు దిగేసరికి పావువంతు తన మీదే ఒలికింది.

సందులో ఇప్పుడు ఎవరూ లేరు. తలుపులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆవిడ ఏ గడపలోంచి వచ్చిందో తను చూడనే లేదు. దగ్గరున్న తలుపు తట్టింది. ఒక ముసలాయన తొంగిచూశాడు.

“తాతా, ఇందాక నీళ్లు పోయినావిడ ఇల్లు ఏది?”

“ఎవలి నీళ్లు బిడ్డా? ఆ బిందెలు దొర్లి కిందిండ్లోల్ల బకెట్లను గుద్దినయి, మూడిండ్లయి పోయినయి గద.”

సువర్చల బకెట్ కింద పెట్టింది.

“మూడిళ్లా?” అంది. “ఎవరెవరివి తాతా?”