దస్తగిరి సాహెబ్ పెన్ను

నా దగ్గర నోరుంది, ఆర్డరు లేదు.

కంప్యూటర్లు అమ్మే ఉద్యోగంలో చేరి రెండు నెలల ఇరవై రోజులైంది. మూడు నెలల్లో ఒక్క మిషనన్నా అమ్మకపోతే, బెజవాడ గవర్నరుపేటలో మా ఆఫీసు మెట్లు మళ్ళీ ఎక్కక్కర్లేదని మేనేజరు చేరిననాడే చెప్పాడు. కంప్యూటరంటే గదికి ఏసీ పెట్టి, చెప్పులు బయట విడిచి లోపలికెళ్ళే రోజులవి.

నా నోటి సంగతి మీకు తెలియదు కనక చెబుతున్నాను. అమలాపురంలో ఈ ముక్తేశ్వరరావు డిబేటుకి లేచాడంటే అవతలి కాలేజీ వాళ్ళు సగంలోనే బస్సెక్కేవారు. బెజవాడ స్టేషన్లో నేను ఎవరితోనన్నా మాట్లాడుతుంటే, మైకులో రైళ్ళ పేర్లు చదివే ఆవిడ ఆగి వినేది. ఒకసారి పినాకిని అయిదు నిమిషాలు లేటుగా కదిలింది అందుకే. కావాలంటే ఆ రోజు గార్డుని అడగండి.

అంతటివాణ్ణి, కాకినాడ కాలవ నుంచి కంకిపాడు దాకా తిరిగి ఒక్క మిషను అమ్మలేకపోయాను.

మాకు పని నేర్పే పెద్దాయన దస్తగిరి సాహెబ్. నంద్యాల మనిషి. అంతకుముందు ముప్ఫయ్యేళ్ళు టైపు మిషన్లు అమ్మారు. తెల్లచొక్కా, చంకలో గొడుగు, రోజుకి లెక్కపెట్టినట్టు ఇరవై మాటలు. నేను పొద్దున్న ఇడ్లీ తినే లోపు అనే మాటలు ఆయనకి సంవత్సరానికి సరిపోతాయి.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. కొత్తవాడు చేరగానే ఒక ఆకుపచ్చ ఇంకు పెన్ను కొని, దాన్ని తన జేబులోనే పెట్టుకు తిరిగేవారు. ఆ కొత్తవాడి మొదటి ఆర్డరు కాయితం మీద కొనే పార్టీ ఆ పెన్నుతోనే సంతకం పెట్టాలి. సంతకం అయ్యాక సాహెబ్ పెన్ను టోపీ బిగించి, దాన్ని తీసుకెళ్ళి వాడి జేబులో తగిలించేవారు. అంతే. చప్పట్లు, మిఠాయిలు ఏమీ లేవు. కానీ మా ఆఫీసులో జేబుకి ఆకుపచ్చ పెన్ను ఉన్నవాడి నడకే వేరు.

నా పెన్ను ఆయన జేబులో రెండు నెలల ఇరవై రోజులుగా ఉంది. ఆయన ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటే నా కళ్ళు ఆయన మొహం మీద కాదు, ఆ జేబు మీద ఉండేవి.

"చూపులకి అరిగిపోతాదప్పా," అన్నారు ఓ రోజు.

ఇంక పదిరోజులే ఉన్నాయనగా ఏలూరు నుంచి ఒక కార్డు ముక్క వచ్చింది. సీతారావమ్మ గారని, భర్త పోయాక ప్రెస్సు తనే నడుపుకుంటున్న ఆవిడ. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు వేస్తుంది. మిషను చూస్తానని రాసింది.

మిషనుని పాసింజరు రైల్లో తీసుకెళ్ళాం. పెట్టె ఒక భుజాన, తెర ఒక భుజాన, ప్రింటరు నెత్తిన పెట్టుకుని ఏలూరు ప్లాట్‌ఫారం మీద నేను దిగితే కూలీలు లేచి దారిచ్చారు. సాహెబ్ గొడుగు పట్టుకుని వెనకాల వచ్చారు.

ప్రెస్సులో సీసపు అక్షరాల అరలు గోడ పొడుగునా ఉన్నాయి. ఒక మూల, స్టూలు మీద ముసలాయన, కంపోజిటరు. పేరు ఏసోబు. అక్షరాన్ని కంటికి రెండంగుళాల దూరంలో పెట్టుకుని చూసి, వేలితో తడిమి, అప్పుడు పేరుస్తున్నాడు.

సీతారావమ్మ గారు గొంతు తగ్గించి చెప్పింది. "మా ఆయన ఉన్నప్పటి నుంచీ ఉన్నాడు బాబూ. చూపు పోతోంది. మొన్న ఒక శుభలేఖలో వధువుకి మీసాలొచ్చినంత పని చేశాడు, పెళ్ళికొడుకు పేరు ఆ పిల్ల చోట పేర్చి. మానెయ్యమని ఎలా అంటాను? అక్షరాలు పెద్దగా కనపడే మిషనొచ్చిందని ఎవరో అన్నారు."

అక్కణ్ణుంచి నేనందుకున్నాను. గంటన్నర. తెర మీద గీతలు గీశాను, డబ్బాలు కట్టాను, అంకెల్ని ఎక్కించి దించాను. వీధిలో పోయే సైకిళ్ళు ఆగాయి. పక్క సోడాకొట్టు అతను గోళీ నొక్కడం మర్చిపోయి సీసా పట్టుకుని నిలబడ్డాడు.

చివరికి ఆవిడ ఒక్క మాట అడిగింది.

"ఇందులో తెలుగొస్తుందా బాబూ?"

మా మిషన్లో అప్పటికి తెలుగు లేదు. నాకు తెలుసు. సాహెబ్‌కి తెలుసు.

"తెలుగా అండీ!" అన్నాను. "తెలుగేమిటండీ, తమిళం, కన్నడం, మలయాళం, మీరు ఊఁ అంటే తాళపత్రాల మీది లిపి కూడా దిగుతుంది! ఏసోబు గారు కుర్చీలో వెనక్కి వాలి పనిచేసుకోవచ్చు!"

మూల నుంచి ఏసోబు తలెత్తాడు. "నిజమేనాండీ?" అన్నాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

"అయితే ఇంకేం, కాయితం తియ్యండి," అంది సీతారావమ్మ గారు.

ఆర్డరు కాయితం బల్ల మీద పరిచాను. సాహెబ్ జేబులో చెయ్యి పెట్టారు. ఆకుపచ్చ పెన్ను బయటికొచ్చింది. టోపీ తిప్పి తీశారు. పాళీ మీద వెలుతురు పడింది. అంత దగ్గరగా దాన్ని చూడడం అదే మొదలు.

పెన్ను ఆవిడ చేతికి ఇవ్వబోయి ఆగారు. రెండో చేత్తో కీబోర్డుని ఆవిడ వైపు తిప్పారు.

"సంతకానికి ముందు మీ పేరు దీంట్లో కొట్టండమ్మా," అన్నారు.

"అది తర్వాత పెట్టించేస్తామండీ, హైదరాబాదు నుంచి..." అని నేను అడ్డం పడ్డాను. ఆయన నావైపు చూడలేదు.

ఆవిడ వేలు గాల్లో అటూ ఇటూ తిరిగింది. "ఏసోబూ, 'స' ఎక్కడుందో చూడు."

ఏసోబు వచ్చాడు. కళ్ళకి అందక మీటల్ని వేళ్ళతో తడిమాడు. తర్వాత వొంగి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. ఒక వరస, రెండో వరస, మూడో వరస.

"అన్నీ ఇంగిలీషేనండమ్మగారూ," అన్నాడు. వెళ్ళి తన స్టూలు మీద కూర్చున్నాడు.

"లేదన్నమాట," అంది ఆవిడ.

"ఇంకా రాలేదమ్మా," అన్నారు సాహెబ్. "వస్తాది."

"ఎప్పుడు?"

"నాకు తెలీదు."

పెన్నుకి టోపీ పెట్టి, జేబులో పెట్టుకున్నారు. ఖాళీ కాయితం మడిచి నాకిచ్చారు.

నేను రిక్షాలోకి సామానెక్కిస్తున్నాను. తెర బరువు ఆ రోజు ఏనుగంత ఉంది. సాహెబ్ "గొడుగు మరిచినా," అని లోపలికెళ్ళి, కాసేపటికి గొడుగుతో వచ్చారు.

రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. నూజివీడు దాకా బిగబట్టుకుని, ఇంక ఆగలేకపోయాను.

"నా ఉద్యోగం పోయింది సార్. ఆవిడ సంతకం పెట్టేది!"

"పెట్టేది," అన్నారు.

"మరి?"

ఆయన సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, పెన్సిల్తో 'ఏలూరు, సీతారావమ్మ, తెలుగు' అని రాసుకున్నారు. వేరుశనక్కాయలు వస్తే రెండు పొట్లాలు కొని ఒకటి నాకిచ్చారు. నేను తీసుకోలేదు. రెండూ ఆయనే ఒళ్ళో పెట్టుకుని గన్నవరం దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

గడువు రోజు మేనేజరు పిలిచాడు. సాహెబ్ కూడా వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"మూడు నెలల్లో ఒక్కటీ లేదు. ఏం చెప్తారు సాహెబ్ గారూ?"

"ఒక ఆర్డరు ఉండాది సార్ వీనికి," అన్నారు సాహెబ్. "తేదీ పడలేదు, అంతే."

మేనేజరు నా ఫైలు మూసేశాడు. ముప్ఫయ్యేళ్ళలో ఆ మనిషి ఒక్క ఆర్డరు గురించి కూడా ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పలేదని ఊరంతటికీ తెలుసు. నాకు ఇంకో మూడు నెలలు దొరికాయి.

నెల తిరక్కుండా గుడివాడ బియ్యం మిల్లులో నా మొదటి మిషను అమ్ముడుపోయింది. సాహెబ్ పక్కనే ఉన్నారు. ఏలూరు తర్వాత మొదటిసారి ఆయన జేబు కేసి చూశాను. పెన్ను లేదు. పార్టీ నా బాల్‌పెన్నుతో సంతకం పెట్టాడు. "బాగుందప్పా," అన్నారు సాహెబ్, గొడుగు విప్పుకుంటూ.

తర్వాత నేను అమ్మింది మీరు నమ్మరు. నూజివీడులో మామిడికాయల కోతల టైములో రైతుని చెట్టు కింద నిలబెట్టి అమ్మాను. మచిలీపట్నంలో తుఫాను హెచ్చరిక రోజున, ఊరు ఖాళీ అవుతుంటే, లారీ ఎక్కబోతున్నవాడికి అమ్మాను. సముద్రం కూడా వెనక్కి తగ్గి విన్నదంటారు అక్కడి వాళ్ళు. ఏళ్ళు గడిచేసరికి నా కింద నలుగురు పనిచేసేవారు.

జేబు మాత్రం బోసిగానే ఉంది.

"ఏంటి ముక్తేశం, ఇన్ని అమ్మావు, ఇంకా గురువుగారు దీక్ష ఇవ్వలేదా?" అని తోటివాళ్ళు వెక్కిరించేవారు. నేనేదో జోకు వేసి నవ్వించేవాణ్ణి. గదికొచ్చి చొక్కా తీసి కొక్కేనికి తగిలించినప్పుడు, ఖాళీ జేబు వేలాడుతూ కనబడేది.

సాహెబ్ రిటైరైన మధ్యాహ్నం నంద్యాల బస్సు దాకా నేనే సామాను మోశాను. ఆఫీసులో వేసిన దండ తీసి డ్రైవరుకిచ్చేశారు. కిటికీ దగ్గర కూర్చున్నారు. నాలుగేళ్ళుగా అడగనిది అప్పుడడిగాను.

"సార్, నా పెన్ను?"

"భద్రంగా ఉండాదప్పా."

"ఎక్కడ సార్?"

బస్సు కదిలింది. ఆయన చెయ్యి ఊపారు.

ఆ మరుసటి ఏడాది మా మిషన్లకి తెలుగు వచ్చింది. హైదరాబాదు నుంచి ఫ్లాపీ తెచ్చి మేనేజరు నా బల్ల మీద పెట్టాడు. బెజవాడలో పెద్ద ప్రెస్సుల జాబితా కూడా పెట్టాడు. "ముందు ఇవి ముగించు," అన్నాడు. ఆ జాబితా సొరుగులో పెట్టి నేను మిషను మోసుకుని ఏలూరు పాసింజరెక్కాను.

ప్రెస్సు అలాగే ఉంది. ఏసోబు స్టూలు మీద ఉన్నాడు గాని చేతిలో అక్షరాలు లేవు. ఒక కుర్రాడు అక్షరాలు పేరుస్తుంటే, ఏసోబు అచ్చయిన కాయితం ముక్కుకి ఆనించుకుని తప్పులు వెతుక్కుంటున్నాడు. సీతారావమ్మ గారికి జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టింది.

ఏం చెప్పాలో రైల్లో తయారుచేసుకున్నాను. అరగంటకి సరిపడా. మిషను పెట్టాను, తీగ తగిలించాను, ఫ్లాపీ వేశాను. నోరు తెరిచాను. ఎందుకో మూసేశాను. కీబోర్డుని ఆవిడ వైపు తిప్పాను. మీటల మీద తెలుగు అక్షరాల కాగితం ముక్కలు అతికించి తెచ్చాను.

"ఏసోబూ, రా," అంది ఆవిడ.

ఏసోబు వచ్చి తడిమాడు. ఎక్కడుందో నేను చూపించాను. ఒక్కో మీటా నొక్కాడు. తెర మీద సీతారావమ్మ అని అరచెయ్యంత అక్షరాల్లో పడింది. అలవాటు కొద్దీ ముక్కు ఆనించబోయి, ఆగాడు. ఒక అడుగు వెనక్కేశాడు. ఇంకో అడుగు వేశాడు.

"అమ్మగారూ," అన్నాడు, "ఇక్కణ్ణుంచి కనబడుతున్నాయండీ."

ఆవిడ పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "రంగులు కూడా వస్తాయా బాబూ?" అని అడిగింది.

"రావండీ," అన్నాను.

"సరే. కాయితం తియ్యి."

నేను బాల్‌పెన్ను కోసం జేబు తడుముకుంటున్నాను. ఆవిడ బల్ల సొరుగు లాగి, శుభలేఖల కట్ట కింద నుంచి ఒక పెన్ను తీసింది. ఆకుపచ్చ పెన్ను. టోపీ తిప్పింది. పాళీ తళతళలాడుతోంది.

"ఇంకు ఎండిపోకుండా ఏసోబు నెలనెలా కడిగి పోస్తున్నాడు," అంటూ సంతకం పెట్టింది. టోపీ బిగించి నాకందించింది. "ఇది నీదేనట గదా."

అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాను.

"ఆ రోజు సాయిబు గారు గొడుగు కోసమని వెనక్కొచ్చి ఇచ్చారు. మావాడు తెలుగు తీసుకొస్తాడు, అప్పుడు దీంతో సంతకం పెట్టి వాడికి ఇచ్చెయ్యండి అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయి ఉంది అప్పటికి. అంత అబద్ధమాడినవాడు మళ్ళీ ఈ గడప తొక్కుతాడా అన్నాను."

"ఆయన ఏమన్నారండీ?"

"నవ్వారు. 'వీని మాట ముందొచ్చేసిందమ్మా, వెనకాల మనిషొస్తాడు' అన్నారు."

పెన్ను జేబుకి తగిలించుకున్నాను. సాయంత్రం పాసింజరులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదురు సీటు ఖాళీగా ఉంది. వేరుశనక్కాయలవాడు వస్తే రెండు పొట్లాలు కొన్నాను. నూజివీడు, తేలప్రోలు, గన్నవరం దాటిపోయాయి. ఏలూరు నుంచి బెజవాడ దాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఇది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నాను.